కారే చుక్క దగ్గర ఆగిన జనం: ఒక ఎగ్జిబిషన్ స్టాల్ కేస్ స్టడీ

పదిహేడేళ్లుగా ఎగ్జిబిషన్ స్టాళ్లు డిజైన్ చేస్తున్నాను. ఈ కేసు గురించి రాస్తున్నది ఇదేదో గొప్ప పని అని కాదు. మొదటి ఏడాది చెడగొట్టింది నేనే, రెండో ఏడాది కొంతవరకు సరిదిద్దుకున్నదీ నేనే. అదే కంపెనీ, అదే ప్రదర్శన, అంతే విస్తీర్ణం. ఇలా రెండింటిని పక్కపక్కన పెట్టి చూసుకునే అవకాశం మా పనిలో అరుదుగా దొరుకుతుంది.

క్లయింట్ మెకానికల్ సీల్స్ తయారుచేసే చిన్న కంపెనీ. ఆ వస్తువేంటో తెలియకపోతే మిగతా కథ అర్థం కాదు కాబట్టి రెండు మాటలు చెబుతాను. పంపును తిప్పే షాఫ్ట్ అనే కడ్డీ బయటి నుంచి పంపు లోపలికి వెళ్లేచోట సన్నటి సందు ఉంటుంది. ఆ సందులోంచి నీళ్లు బయటికి రాకుండా ఆపాలి. పాత పద్ధతిలో అక్కడ తాడులాంటి ప్యాకింగ్ చుట్టి బిగిస్తారు. దాన్ని గ్లాండ్ ప్యాకింగ్ అంటారు. దాన్ని మరీ బిగిస్తే వేడెక్కి మాడిపోతుంది, షాఫ్ట్ అరిగిపోతుంది. అందుకే చుక్కచుక్కగా కారేలా కావాలనే కాస్త వదులుగా ఉంచుతారు. మెకానికల్ సీల్‌లో రెండు ఉంగరాలుంటాయి. ఒకటి షాఫ్ట్‌తో పాటు తిరుగుతుంది, రెండోది కదలదు. రెండింటి ముఖాలూ అద్దంలా చదునుగా ఉండి, మధ్యలో కంటికి కనపడని ద్రవపు పొరతో ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి.

మొత్తం కలిపి అరచేతిలో పడుతుంది. పంపులో బిగించాక ఇక కనపడదు. అది బాగా పనిచేస్తోందంటే అర్థం అక్కడ ఏమీ జరగడం లేదని. ఏమీ జరగకపోవడాన్ని జనానికి ఎలా చూపించాలి? రెండేళ్ల తలనొప్పీ ఇదే.

మొదటి ఏడాది: అన్నీ ఉన్నాయి, ఎవరూ లేరు

స్టాల్ 6 మీటర్ల పొడవు, 3 మీటర్ల లోతు. ఒక్క వైపే తెరిచి ఉంటుంది. షెల్ స్కీమ్ తీసుకున్నారు. అంటే అల్యూమినియం స్తంభాలు, 2.5 మీటర్ల ఎత్తున తెల్ల ప్యానెళ్లు, పైన పేరు రాసే ఫేసియా పట్టీ, కార్పెట్, నాలుగు స్పాట్ లైట్లు, ఒక టేబుల్, కుర్చీలు నిర్వాహకులే ఇస్తారు. లోపల అలంకరణ మనది.

ఓనర్‌గారి కోరిక ఒక్కటే. "మన దగ్గర ఉన్నవన్నీ కనపడాలండీ. ఖాళీ గోడ చూస్తే చిన్న కంపెనీ అనుకుంటారు."

అన్నీ పెట్టాం. అరల మీద 64 రకాల సీల్స్. వెనక గోడ మీద ఫ్యాక్టరీ ఫోటో, వ్యవస్థాపకుడి ఫోటో, సర్టిఫికెట్లు, కంపెనీ చరిత్ర నాలుగు పేరాలు. ముందు భాగంలో అడ్డంగా టేబుల్, దాని మీద కేటలాగులు, చాక్లెట్ల గిన్నె, విజిటింగ్ కార్డు వేస్తే లాటరీలో బహుమతి వస్తుందని ఒక గాజు కూజా. పక్కన టీవీలో ఫ్యాక్టరీ వీడియో, సంగీతంతో సహా. టేబుల్ వెనక ఇద్దరు సేల్స్ కుర్రాళ్లు లాప్‌టాప్‌లు ముందేసుకుని కూర్చున్నారు.

అప్పుడు నేను గట్టిగా వద్దనలేదు. క్లయింట్ అడిగింది చేసిపెట్టడమే సర్వీసు అనుకునే రోజులవి. డ్రాయింగ్‌లో చూస్తే నిండుగా, అందంగానే కనిపించింది కూడా. డ్రాయింగ్ చూసేవాడు కదలకుండా కూర్చుని చూస్తాడు, అసలు మోసం అక్కడే ఉంది.

రెండో రోజు పొద్దున 11 నుంచి 12 దాకా ఎదురుగా ఉన్న స్తంభం పక్కన నిలబడి, కాగితం మీద గీతలు గీస్తూ లెక్కపెట్టాను. స్టాల్ ముందు నుంచి 183 మంది నడిచి వెళ్లారు. నడక నెమ్మదించినవాళ్లు 7. లోపలికి చూస్తూ ఆగినవాళ్లు 4. ఆ నలుగురిలో ఇద్దరు చాక్లెట్లు తీసుకున్నారు. ఒకాయన టాయిలెట్ ఎటని అడిగాడు. నాలుగో మనిషి పోటీ కంపెనీవాడని తర్వాత తెలిసింది.

సాయంత్రానికి గాజు కూజా మాత్రం కార్డులతో నిండింది. ఓనర్‌గారు సంతోషించారు. నేను నోరు విప్పలేదు.

కాళ్లు ఎందుకు ఆగలేదు

తర్వాతి ఏడాది పని మొదలుపెట్టే ముందు, పాత ఫోటోలు ముందేసుకుని నా పనిని నేనే తప్పుపట్టుకుంటూ రెండు రోజులు కూర్చున్నాను.

మొదట దొరికింది చూపు లెక్క. ప్రదర్శనలో మనిషి సెకనుకు సుమారు ఒక మీటరు నడుస్తాడు. 6 మీటర్ల స్టాల్‌ను దాటడానికి ఆరు సెకన్లు. ఆ ఆరు సెకన్లు కూడా మనవి కావు. నడిచే మనిషి ముందుకు చూస్తాడు. మన వెనక గోడ అతని నడకకు సమాంతరంగా ఉంటుంది, దాన్ని చదవాలంటే మెడ పూర్తిగా పక్కకు తిప్పాలి. మేం ప్రాణం పెట్టి చేసిందంతా ఆ వెనక గోడ మీదే ఉంది. నడిచేవాడికి దూరం నుంచే ఎదురుగా కనపడేవి నడవకు అడ్డంగా ఉండే పక్క గోడలు. వాటి మీద మేం పెట్టింది అరలు.

ఆ తర్వాత అక్షరాల సైజు. బోర్డుల పనిలో అందరికీ తెలిసిన ఒక మోటు లెక్క ఉంది: ప్రతి 3 మీటర్ల దూరానికి అక్షరం ఎత్తు 2.5 సెంటీమీటర్లు ఉంటే హాయిగా చదవొచ్చు. 12 మీటర్ల దూరం నుంచి పట్టుకోవాలంటే 10 సెంటీమీటర్లు కావాలి. మా చరిత్ర పేరాల్లో అక్షరం ఒకటిన్నర సెంటీమీటరు కూడా లేదు. అంత పెద్ద అక్షరాలతో ఉన్నది ఫేసియా పట్టీ ఒక్కటే. దాని మీద ఉన్నది కంపెనీ పేరు, ఆ పేరు తెలిసినవాళ్లు ఎలాగూ వస్తారు. తెలియనివాళ్లకు ఆ పేరు ఏం చెబుతుంది?

ఇక్కడ ఒక పక్కమాట. ఈ లెక్క ఇంగ్లిష్ పెద్ద అక్షరాలను దృష్టిలో పెట్టుకుని వచ్చింది. తెలుగులో బోర్డు రాయిస్తే తలకట్టు, గుడి, కింద ఒత్తు అన్నీ అదే ఎత్తులో ఇరుక్కోవాలి, అసలు అక్షరానికి మిగిలేది సగమే. తెలుగు బోర్డుకు నేను ఆ లెక్కను ఒకటిన్నర రెట్లు చేస్తాను, వరసల మధ్య ఖాళీ కూడా పెంచుతాను. కంప్యూటర్ తెర మీద బాగున్న తెలుగు ఫాంట్ దూరం నుంచి చూస్తే చీమల బారులా కనపడిన సందర్భాలు నాకు బోలెడున్నాయి.

మూడోది టేబుల్. ముందు టేబుల్, వెనక మనుషులు. అది కౌంటర్ అయిపోతుంది. కౌంటర్ దగ్గరికి ఏదో ఒక పని ఉన్నవాడే వస్తాడు. ఊరికే చూసిపోదామనుకునేవాడికి లోపలికి వచ్చే దారే లేదు. ఎడ్వర్డ్ హాల్ అనే మానవశాస్త్రవేత్త మనుషుల మధ్య దూరాలను పరిశీలించి, ముఖపరిచయం లేనివాళ్లు పనుల మీద మాట్లాడుకునేటప్పుడు 1.2 నుంచి 3.6 మీటర్ల దూరం ఉంచుకుంటారని 1960ల్లోనే చెప్పాడు. మా టేబుల్ అవతలి అంచు నడవ గీతకు ఆనుకుని ఉంది. సందర్శకుడు కేటలాగు అందుకోవాలంటే సేల్స్ కుర్రాడికి మీటరు లోపలికి రావాలి. తెలియని మనిషి మొహం అంత దగ్గరగా ఉంటే ఎవరికైనా ఇబ్బందే.

ఇక చాక్లెట్లు, లాటరీ, వీడియో సంగీతం గురించి చెప్పేదేముంది. అవి జనాన్ని ఆపుతాయి. కానీ ఆ జనం సీల్ కొనేవాళ్లు కాదు.

జామ్ టేబుల్ వాదన

రెండో ఏడాది మొదటి మీటింగ్‌లో చెప్పేశాను. "సార్, ఈసారి 64 కాదు, ఒక్కటే పెడదాం."

ఆయన కళ్లద్దాలు తీసి టేబుల్ మీద పెట్టారు. "స్టాల్ అద్దె ఒక్క సీల్ కోసం కడతామాండీ?"

షీనా అయ్యంగార్, మార్క్ లెపర్ అనే పరిశోధకులు 2000లో ప్రచురించిన ప్రయోగం గురించి చెప్పాను. ఒక దుకాణంలో రుచి చూసే టేబుల్ పెట్టి, ఒకసారి 24 రకాల జామ్‌లు, ఒకసారి 6 రకాలు ఉంచారు. 24 ఉన్నప్పుడు దారినపోయేవాళ్లలో 60 శాతం ఆగారు, 6 ఉన్నప్పుడు 40 శాతం. కానీ ఆగినవాళ్లలో కొన్నవాళ్లు 24 దగ్గర 3 శాతం, 6 దగ్గర 30 శాతం.

ఆయన వెంటనే అందుకున్నారు. "అంటే ఎక్కువ పెడితే ఎక్కువమంది ఆగారనే కదా!" నిజమే, అది కూడా ఆ ప్రయోగంలో ఉంది. పైగా ఆ తర్వాత ఇలాంటి ప్రయోగాలు ఎన్నో జరిగాయి, 2010లో వాటన్నింటినీ కలిపి చూస్తే సగటున ప్రభావం దాదాపు సున్నా అని తేలింది. ఆ సంగతి కూడా ఆయనకు దాచకుండా చెప్పాను. చిత్రంగా ఆయన మెత్తబడింది ఆ నిజాయితీకే అనుకుంటాను. నాకు కావలసింది ఆ శాతాలు కాదు. ఆగడం వేరు, కొనడం వేరు అన్న ఒక్క ముక్క ఆయన పట్టుకుంటే చాలు. కూజాలో కార్డుల్ని ఒకసారి గుర్తుచేశాను.

చివరికి ఒప్పందం ఇలా కుదిరింది. ముందు ఒక్క ప్రదర్శన. వెనక ఒక సొరుగుల బల్లలో 64 రకాలూ ఉంటాయి, అడిగినవాళ్లకు తీసి చూపిస్తారు. వ్యవస్థాపకుడి ఫోటో లోపల మాట్లాడుకునే చోట ఉంటుంది. ఆ ఫోటో విషయంలో నేను ఓడిపోయాను. సరే, వాళ్ల నాన్నగారు.

ఏం చూపించాలి

ఏమీ జరగకపోవడాన్ని చూపించాలంటే పక్కనే ఏదో ఒకటి జరుగుతూ ఉండాలి. ఈ ఆలోచన నాది కాదు, వాళ్ల సర్వీస్ ఇంజనీరుది. "కస్టమర్ దగ్గరికి వెళ్తే నేను ముందు చూసేది పంపు కింద తడి ఉందా లేదా అనే సార్" అన్నాడు.

పారదర్శకమైన యాక్రిలిక్ తొట్టి చేయించాం, 30 లీటర్లది. దాని ముందు గోడలోంచి రెండు షాఫ్టులు బయటికి వస్తాయి, రెండూ ఒకే మోటారుతో తిరుగుతాయి. ఎడమ షాఫ్ట్‌కు గ్లాండ్ ప్యాకింగ్, కుడి షాఫ్ట్‌కు మెకానికల్ సీల్. రెండింటి కిందా తెల్లటి బ్లాటింగ్ పేపర్. ఎడమవైపు కాగితం తడిసి, ఉబ్బి, అంచులు లేస్తుంది. కుడివైపుది పొద్దున పెట్టినట్టే ఉంటుంది. దాని మీద తేదీ, టైం పెన్నుతో రాసి ఉంచాం. ఎడమవైపు కారిన నీళ్లు ఒక స్టీలు గిన్నెలో పడతాయి.

బాగానే ఉంది, కానీ చుక్క చిన్నది. నడవలోంచి ఎవరికి కనపడుతుంది? అందుకే చుక్క పడేచోట ఒక చిన్న కెమెరా బిగించి, ఆ దృశ్యాన్ని 43 అంగుళాల తెర మీద వేశాం. అసలు చుక్క అర సెంటీమీటరు, తెర మీద జానెడు. చుక్క వెనక నుంచి చిన్న దీపం పెట్టేసరికి దాని అంచు గాజులా మెరిసింది. చుక్క నిండుతుంది, సాగుతుంది, వేలాడుతుంది, తెగుతుంది. సెకనుకు దాదాపు ఒకటి. మళ్లీ ఇంకోటి. కంటి చివర కదలికను మనిషి పట్టించుకోకుండా ఉండలేడు. అది తెగే క్షణం కోసం ఎదురుచూడకుండా కూడా ఉండలేడు. పరీక్షించేటప్పుడు మా వడ్రంగి చేతిలో స్క్రూడ్రైవర్ పట్టుకుని ఐదు నిమిషాలు దాన్నే చూస్తూ నిలబడిపోయాడు. ఆ రోజే నాకు నమ్మకం కుదిరింది.

చుక్క మీద రాత ఒక్క ముక్క: "మీ పంపు కారుతోందా?" అక్షరం ఎత్తు 15 సెంటీమీటర్లు. కంపెనీ పేరు దానికంటే చిన్నది, కింద.

కుడివైపు రాత దగ్గర మాత్రం గొడవైంది. మేం మొదట "ఒక్క చుక్క కూడా కారదు" అని రాశాం. వాళ్ల ఇంజనీరు ఒప్పుకోలేదు. ఉంగరాల మధ్య ద్రవపు పొర ఉంటుంది కదా, అందులోంచి కొంత ఆవిరిగా బయటికి పోతూనే ఉంటుంది, తెలిసినవాడు వచ్చి పట్టుకుంటే పరువు పోతుందన్నాడు. "కంటికి కనిపించే కారుడు లేదు" అని మార్చాం. మూడో రోజు నిజంగానే ఒక పెద్దాయన వచ్చి, ఆ రాతను వేలితో చూపించి, "ఇది సరిగ్గా రాశారు" అని కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

స్థలం ఎలా వాడాం

ఈసారి కార్నర్ స్టాల్ తీసుకున్నారు, రెండు వైపులా తెరిచి ఉండేది. కార్నర్‌కు నిర్వాహకులు కొంత ఎక్కువ తీసుకుంటారు. నన్నడిగితే ఆ ఎక్కువ ఇవ్వొచ్చు, ఫర్నిచర్‌లో తగ్గించుకోవచ్చు.

హాల్ ప్లాన్ మీద పెన్సిల్‌తో జనం దారి గీశాను. ప్రధాన ద్వారం మాకు ఎడమవైపు. టాయిలెట్లు, క్యాంటీన్ కుడివైపు చివర. అంటే పొద్దున ఎడమ నుంచి వస్తారు, భోజనాల తర్వాత కుడి నుంచి తిరిగి వస్తారు. తెరను మూలలో 45 డిగ్రీలు తిప్పి ఎడమవైపు చూసేలా పెట్టాం. తెర వీపు మీద కుడి నుంచి వచ్చేవాళ్ల కోసం అదే ప్రశ్న పెద్దక్షరాల్లో. తొట్టి తెర కిందే. తెరలో పడే చుక్క, నిజంగా పడే చుక్క ఒకే చూపులో కనపడాలి, లేకపోతే వీడియో అనుకుంటారు.

ఎత్తు సంగతి. నలుగురు నిలబడితే నడుము కింద ఉన్నదేదీ వెనకవాళ్లకు కనపడదు. అందుకే రాతలన్నీ 1.5 మీటర్ల పైనే. గోడ కింది సగంలో ఏమీ వేయలేదు. ప్రింటింగ్ ఖర్చు కూడా తగ్గింది.

వేదిక ఎత్తు తీసేశాం. వైర్లు దాచడానికి 10 సెంటీమీటర్ల చెక్క వేదిక వేయడం మామూలు. చూడ్డానికి దర్జాగా ఉంటుంది. కానీ ఆ మెట్టు దగ్గర మనిషి కాలు ఒక క్షణం ఆలోచిస్తుంది. వీల్‌చైర్‌లో వచ్చేవాళ్లకైతే ర్యాంపు కావాలి. 10 సెంటీమీటర్లకు 1:12 వాలుతో 1.2 మీటర్ల పొడవు పోతుంది. 3 మీటర్ల లోతులో అంత స్థలం ఎక్కడిది? వైర్లను వెనక గోడ వెంబడి తీసుకెళ్లాం. కార్పెట్ నడవకు దగ్గరి రంగే వేశాం, గీత తెలియకుండా.

గోడలు ముదురు బూడిద రంగు. ఆ హాల్లో సగం స్టాళ్లు నీలం, మిగతావి తెలుపు. ఇంజనీరింగ్ కంపెనీలకు నీలం మీద ఇంత మోజెందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ముదురు గోడ ముందు వెలుగుతున్న నీటి తొట్టి దూరం నుంచే తెలుస్తుంది. చుట్టూ ఉన్నదాని కంటే వస్తువు మీద కనీసం మూడు రెట్లు వెలుతురు ఉంటే కన్ను దాని మీదికి పోతుంది. 4000 కెల్విన్ లైట్లు, అంటే కాస్త తెల్లటి వెలుతురువి, వాడాం, అంతకంటే పసుపు అయితే ఉక్కు పాతదానిలా కనపడుతుంది. లైట్లను నిట్టనిలువు నుంచి 30 డిగ్రీల వంపులో దించమని డ్రాయింగ్‌లో రాశాను. అయినా యాక్రిలిక్ మీద ఒక లైటు ప్రతిబింబం సరిగ్గా చుక్క మీదే పడింది. నిచ్చెన ఎక్కి, దిగి, చూసి, మళ్లీ ఎక్కి, గంటసేపు సరిచేశాం. ఇది డ్రాయింగ్‌లో తేలే పని కాదు.

చేతికి కూడా ఏదో ఒకటి ఇవ్వాలనుకున్నాం. రెండు సిలికాన్ కార్బైడ్ ఉంగరాలు, నల్లటివి. ముఖాలు శుభ్రంగా తుడిచి, కాస్త తడి చేసి, ఒకదాని మీద ఒకటి నొక్కి తిప్పితే అతుక్కుంటాయి. జిగురు లేదు, అయస్కాంతం లేదు. లాగితే రావు, పక్కకు జారిస్తే వస్తాయి. "విడదీయండి చూద్దాం" అని చేతిలో పెడితే, చెయ్యి జేబులోంచి తీయని మనిషి కూడా తీశాడు. అయితే ఆ పదార్థం గట్టిదే గానీ పెళుసు. మొదటి రోజు మధ్యాహ్నానికే రెండు జతలు కింద పడి ముక్కలయ్యాయి. అంచు లేచిన రబ్బరు చాప వేసి, ఉంగరాలు దాని మీదే పట్టుకోమని చెప్పడం మొదలుపెట్టాం.

మొదటి రాత్రి

ఇక్కడే మా పరువు పోయిందనుకున్నాం.

రాత్రి హాల్లో స్టాళ్లకు కరెంటు తీసేస్తారు. మోటారు ఆగుతుంది, షాఫ్ట్ ఆగుతుంది, అంతా ఆగుతుందనుకుని వెళ్లిపోయాం. పొద్దున ఎనిమిదింటికి సేల్స్ కుర్రాడు ఫోన్ చేశాడు. "సార్, కార్పెట్ అంతా తడిగా ఉంది. మనదేనా కారింది?"

మనదే. షాఫ్ట్ ఆగినంత మాత్రాన ప్యాకింగ్ ఆగదు. తొట్టిలో నీళ్లున్నంతసేపు ఆ సందులోంచి కారుతూనే ఉంటుంది. నిమిషానికి 50 చుక్కలు, చుక్క సుమారు 0.05 మిల్లీలీటర్లు, అంటే గంటకు 150 మిల్లీలీటర్లు. 14 గంటలకు రెండు లీటర్ల పైమాట. మా స్టీలు గిన్నె పట్టేది అర లీటరు. ఈ లెక్క ముందే వేసుకోవలసింది నేను. గిన్నె అందంగా ఉందా లేదా అనే చూశాను గానీ, ఎంత పడుతుందని చూడలేదు.

లీకులు ఆపే కంపెనీ స్టాల్ తడిసి పక్క స్టాల్ అంచుదాకా మరక. ఓనర్‌గారు వచ్చేలోపు ఆరబెట్టాలని టెన్షన్. కార్పెట్ ముక్క మార్పించాం, పక్కవాళ్లకు సారీ చెప్పాం. ఆయన వచ్చారు, చూశారు, తొట్టి మీద నీటి మట్టం దిగిన గీతను వేలితో కొలిచారు. తిడతారనుకున్నాను. "ఇదంతా ఒక్క రాత్రిలోనా?" అన్నారు. పంపు సీల్స్ చేసే మనిషి. ఆయనే ఆశ్చర్యపోతే సందర్శకుడి సంగతేంటి?

ఆ రాత్రి గిన్నె తీసి పెద్ద క్యాన్ పెట్టాం. పొద్దున ఆ నీళ్లను గాజు సీసాలో పోసి, తొట్టి పక్కన పెట్టి, "నిన్న రాత్రి కారింది" అని చీటీ అంటించాం. మూడో రోజుకు ఒక సీసా, నాలుగో రోజుకు రెండు. మొత్తం స్టాల్‌లో జనం ఎక్కువగా ఫోటో తీసుకున్నది ఆ సీసాలనే. నా డిజైన్‌లో లేని వస్తువు.

ఇంకో చిన్న జాగ్రత్త గురించి కూడా చెప్పాలి. మెకానికల్ సీల్‌ను నీళ్లు లేకుండా తిప్పితే ముఖాలు కాలిపోతాయి. అందుకే నీటి మట్టం తగ్గితే మోటారు ఆగిపోయేలా ఫ్లోట్ స్విచ్ పెట్టించాడు ఇంజనీరు. ఆ స్విచ్ లేకపోయి, పొద్దున కరెంటు రాగానే ఎవరో మోటారు వేసి ఉంటే, కుడివైపు కూడా కారేది. ఆ దృశ్యం ఊహించుకోవడానికే భయం.

ఎక్కడ తప్పటడుగు పడింది

మూడో ఆకర్షణగా ఉంగరం ముఖం ఎంత చదునుగా ఉందో చూపించే ఏర్పాటు పెట్టాం. ఒకే రంగు కాంతి కింద గాజు బిళ్ల ఉంగరం మీద పెడితే చారలు కనపడతాయి. హీలియం దీపమైతే ఒక్కో చారకు ఎత్తు తేడా 0.29 మైక్రాన్, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. చూస్తే నిజంగా ముచ్చటేస్తుంది. దాన్ని నేను రెండో నడవ వైపు ముందు భాగంలోనే పెట్టాను. ఒక్కొక్కరు పది నిమిషాలు వంగి చూశారు. వాళ్ల వెనక నుంచి జనం రాసుకుంటూ వెళ్లారు. దుకాణాల్లో జనం నడతను పరిశీలించిన పాకో అండర్‌హిల్ చెప్పిన సంగతే ఇది: వెనక నుంచి తగులుతూ పోతుంటే మనిషి ఎంత ఇష్టంగా చూస్తున్నా వదిలేసి వెళ్లిపోతాడు. అదే జరిగింది. పైగా ఆ గుంపు వల్ల లోపలికి దారి మూసుకుపోయింది. రెండో రోజు దాన్ని మీటరు లోపలికి జరిపాం. అసలు ముందే అక్కడ పెట్టాల్సింది.

మనుషుల సంగతి

నడిచే స్థలంలో దాదాపు 5 చదరపు మీటర్లకు ఒక మనిషి చాలు. మాకు ముగ్గురు. కుర్చీలు బయట లేవు. నడవకు ఎదురుగా కాక తొట్టికి పక్కగా నిలబడమన్నాం. "ఏమైనా హెల్ప్ కావాలా సార్?" అన్న ప్రశ్న నిషేధించాం. దానికి వచ్చే జవాబు ఒక్కటే: "ఊరికే చూస్తున్నా." దాని బదులు, చుక్కను చూస్తున్న మనిషి పక్కన నిలబడి, తను కూడా చుక్కనే చూస్తూ, "మీ దగ్గర ప్యాకింగా సార్, సీలా?" అని అడగమన్నాం. పంపుల గురించి తెలియనివాడు నవ్వి వెళ్లిపోతాడు. తెలిసినవాడు జవాబు చెబుతాడు.

రాసుకునే ఫారం అర పేజీ. పంపు రకం, అందులో పోయే ద్రవం, ఉష్ణోగ్రత, షాఫ్ట్ సైజు. షాఫ్ట్ సైజు గుర్తున్నవాడు మనకు కావలసినవాడు.

లెక్కలు

రెండో రోజు అదే గంటలో, 11 నుంచి 12 దాకా, మళ్లీ స్తంభం పక్కన నిలబడ్డాను. దాటినవాళ్లు 171. ఆగినవాళ్లు 26. లోపలికి అడుగు పెట్టినవాళ్లు 14.

నాలుగు రోజుల్లో నిండిన ఫారాలు 121. మొదటి ఏడాది కూజాలో 312 కార్డులు పడ్డాయి. ప్రదర్శన అయ్యాక జరిగిన మీటింగ్‌లో ఓనర్‌గారి తమ్ముడు ఈ రెండు అంకెలు బోర్డు మీద పక్కపక్కన రాసి నా వైపు చూశాడు. మూడు నెలలకు సేల్స్ వాళ్లు ఇచ్చిన లెక్క వేరేలా ఉంది. మొదటి ఏడాది కార్డుల్లో మాటలు నడుస్తున్నవి 6 ఉండేవి. ఈసారి 23.

ఇందులో డిజైన్ వాటా ఎంత? కచ్చితంగా చెప్పలేను. మొదటి ఏడాది ఒక వైపు స్టాల్, రెండోది కార్నర్. సేల్స్ మనుషులు కూడా కొంత రాటుదేలారు. నా లెక్క ఒక్క గంటది, గీతలు గీసింది నేనే. ఆగినవాళ్లు పెరిగింది తెర వల్ల, లోపలికి వచ్చింది టేబుల్ తీసేయడం వల్ల అని నా అంచనా. కానీ ఈ రెండింటినీ విడదీసి చూడాలంటే ఒకదాన్ని మార్చి ఒకదాన్ని వదిలేయాలి, అలాంటి ప్రయోగానికి డబ్బిచ్చే క్లయింట్ నాకు ఇంతవరకు దొరకలేదు.

వచ్చే ఏడాదికి తొట్టి అలాగే ఉంచి, కింద గిన్నె స్థానంలో గాజు గొట్టం పెట్టాలనుకుంటున్నాం. గీతలతో, గంట గంటకు నిండుతూ కనపడేలా. నాలుగు రోజుల నీళ్లూ పట్టేంత పెద్దది. ఈసారి ఎంత పడుతుందో ముందు లెక్క వేశాకే ఎలా ఉందో చూస్తాను.

ఓనర్‌గారు మాత్రం ఆర్డర్లు వచ్చాయి కాబట్టి ఇంకాస్త పెద్ద స్టాల్ తీసుకుని, పక్క గోడ మీద 64 రకాలూ మళ్లీ పెడదామంటున్నారు. నేను సొరుగులు చాలంటున్నాను. పోయిన వారం కూడా ఫోన్‌లో ఇదే వాదన. కొత్త డిజైన్లు రెండు వచ్చాయట, ఇప్పుడు 66 అన్నారు.